చలి ముదరకముందే ఇంటిపని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఆకులు రాలడం మొదలైందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో చలి మాటే ఎక్కువ. పైపులు బిగించడం, ఇళ్లను వెచ్చబెట్టే బాయిలర్లు, ఫర్నేసులు విప్పి బాగుచేయడం నా వృత్తి. ఆ పనిలో వంటబట్టిన వరస ఒకటుంది. ముందు ప్రాణం మీదికి వచ్చేవి చూసుకోవాలి, తర్వాత ఇంటిని పాడుచేసేవి, ఆ తర్వాతే సుఖంగా ఉండటానికి చేసుకునేవి. చాలామంది దీన్ని తిరగేస్తారు. మందపాటి పరదాలు కొంటారు, తలుపు కింద గుడ్డలు కుక్కుతారు, పొగగొట్టం వైపు మాత్రం తలెత్తి చూడరు. అందుకే ఈసారి ఉత్తరాలను వచ్చిన తేదీల ప్రకారం కాకుండా ఆ వరసలోనే పెట్టాను.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. వేసవిలో ఓ పాత ఇల్లు కొన్నాం. గ్యాస్‌తో నడిచే ఫర్నేస్ ఉంది. పోయిన చలికాలం బాగానే నడిచిందని అమ్మినవాళ్లు చెప్పారు. అయినా సర్వీసింగ్ చేయించాలా? మావారు అనవసరపు ఖర్చు అంటున్నారు. రాత్రిళ్లు చలిగా ఉంటోందని వారం నుంచి దాన్ని నడుపుతున్నాం. పొద్దున లేచేసరికి మా అత్తగారికి తలనొప్పి, కాస్త వికారం ఉంటున్నాయి. కిటికీలు మూసి పడుకోవడం వల్లేమో అనుకుంటున్నాం.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చేతికందిన రోజే ఫోన్ చేసి చెప్పిన మాటలు మిగతావాళ్ల కోసం ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. ఫర్నేస్ ఆపేసి, అందరూ బయటి గాలిలోకి రండి. మెకానిక్ వచ్చి, చూసి, సరే అనేదాకా దాన్ని వెలిగించకండి. అత్తగారిని వెంటనే డాక్టరుకు చూపించండి. ఇంట్లో గ్యాస్ ఫర్నేస్ నడుస్తోందన్న సంగతి మీరే చెప్పాలి. చెప్పకపోతే మామూలు తలనొప్పి కిందే జమకడతారు.

నా అనుమానం కార్బన్ మోనాక్సైడ్ మీద. దానికి రంగు లేదు, వాసన లేదు. గ్యాసు, బొగ్గు, కట్టె, కిరోసిన్, ఏదైనా సరే చాలినంత గాలి లేకుండా మండితే అది పుడుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అందుకే గాలిలో కొద్దిగా ఉన్నా గంటలు గడిచేకొద్దీ ఒంట్లో పేరుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, నీరసం కనిపిస్తాయి, జ్వరం మాత్రం ఉండదు. ఇంట్లో ఉన్నంతసేపూ బాధపడి, బయట తిరిగొస్తే తేరుకోవడం, ఒకేసారి ఇద్దరు ముగ్గురికి అలా ఉండటం దీని గుర్తులు. పెద్దవాళ్లకు, పసిపిల్లలకు, గర్భిణులకు ముప్పు ఎక్కువ. మీ అత్తగారిది కేవలం వయసు వల్ల వచ్చిన తలనొప్పే కావచ్చు. కానీ తేల్చుకోకుండా ఇంకో రాత్రి ఆ ఇంట్లో ఫర్నేస్ వేసుకుని పడుకోకూడదు.

ఇక సర్వీసింగ్ సంగతి. మీవారికి ఇలా చెప్పి చూడండి. ఫర్నేస్ లోపల మండే మంట, మీ గదుల్లోకి వచ్చే వెచ్చటి గాలి ఒకదాన్నొకటి తాకకూడదు. రెంటికీ మధ్య రేకు గోడ ఉంటుంది, హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉండటంతో ఆ రేకు వంపు తిరిగిన చోట వెంట్రుకవాసి చీలిక పడుతుంది. ముందు నిలబడి చూస్తే కనపడదు. బర్నర్లు ఊడదీసి, టార్చిలైటు పట్టుకుని, చిన్న అద్దం లోపలికి పెట్టి చూడాలి. గదుల్లోకి గాలి నెట్టే ఫ్యాన్ మొదలవగానే అప్పటిదాకా నిలకడగా ఉన్న మంట అటూ ఇటూ ఊగిందంటే నేను అక్కడితో ఆపి, మొత్తం విప్పుతాను. ఫ్యాన్ గాలి ఏదో సందులోంచి మంట వైపు వస్తోందన్నమాట. మంట నీలంగా, కదలకుండా ఉండాలి. పసుపుపచ్చగా, బద్ధకంగా మండుతుంటే మంచిది కాదు. పైన పొగ బయటికి పోయే గొట్టం అతుకులు కూడా చూడాలి. వేసవిలో పక్షులు గూళ్లు పెట్టుకుని ఉంటాయి, తుప్పు పట్టి అతుకు జారి ఉంటుంది. ఏడాదికోసారి, చలి మొదలయ్యే ముందు, చదువుకున్న మెకానిక్ చేత ఈ పని చేయించాల్సిందే. ‘పోయినేడాది నడిచింది’ అనేది దీనికి సమాధానం కాదు.

మీ చేతులతో మీరు చేసుకోదగ్గది ఫిల్టర్ మార్చడం. నడిపే కాలంలో నెల నుంచి మూడు నెలల లోపు మార్చాలి. చట్రం మీద బాణం గుర్తు ఉంటుంది, అది ఫర్నేస్ వైపు చూడాలి. దుమ్ము పట్టి ఫిల్టర్ మూసుకుపోతే గాలి ఆడక లోపల రేకు విపరీతంగా వేడెక్కుతుంది. ఇందాక చెప్పిన చీలికకు అది కూడా ఒక దారి.

ప్రతి అంతస్తులోనూ, పడగ్గదుల దగ్గరలోనూ కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. ఇప్పటికే ఉంటే కిందికి దింపి, వెనక ముద్రించిన తేదీ చూడండి. వీటి ఆయుష్షు రకాన్ని బట్టి 5 నుంచి 10 ఏళ్లు. బటన్ నొక్కితే కూసినంత మాత్రాన లోపలి సెన్సర్ పనిచేస్తోందని కాదు, కూత పనిచేస్తోందని మాత్రమే. పొగను పసిగట్టే అలారాలనైతే 10 ఏళ్లకు మార్చేయాలి.

ప్రశ్న: మా ఇంట్లో కట్టెల పొయ్యి గది ఉంది. ఏటా పండుగలా నాలుగైదు వారాలు మంట వేసుకుంటాం, అంతే. అంత తక్కువ వాడకానికీ పొగగొట్టం శుభ్రం చేయించాలా? వెనకింటివాళ్లు మొన్న కొట్టేసిన చెట్టు దుంగలు ఉచితంగా ఇస్తామన్నారు. వాడుకోవచ్చా?

జవాబు: దుంగలు తీసుకోండి, ఈ ఏడాది మాత్రం కాల్చకండి. అప్పుడే నరికిన చెట్టులో, చాలా జాతుల్లో, బరువులో సగం దాకా నీళ్లే ఉంటాయి. మంట తన వేడిని ఆ నీళ్లు ఆవిరి చేయడానికే ఖర్చుపెడుతుంది. పొగ చల్లగా, చిక్కగా, నెమ్మదిగా పైకి పోతుంది. గొట్టం గోడలు తగలగానే అందులోని తారు అక్కడే అంటుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. దానికి నిప్పంటుకుంటే గొట్టం లోపలే మంట లేచి 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. ఇటుకల పూత పగులుతుంది, ఆ పగుళ్లలోంచి కప్పులోని చెక్కకు అంటుకుంటుంది.

దుంగల్ని చీల్చి, నేలకు తగలకుండా ఎత్తుమీద పేర్చి, పైన మాత్రం కప్పి, పక్కలు గాలికి వదిలేయండి. కనీసం 6 నెలలు, గట్టి కట్టె అయితే ఏడాది, ఇంకా ఎక్కువ. తేమ 20 శాతం కంటే తగ్గాలి. తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే, కట్టెను అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖం మీద గుచ్చి చూడండి, పైన గుచ్చితే అబద్ధం చెబుతుంది. మీటరు లేకపోయినా ఫర్వాలేదు. ఎండిన కట్టె కొసల్లో పగుళ్లు ఉంటాయి, బెరడు చేత్తో లాగితే ఊడొస్తుంది. రెండు ముక్కలు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఠంగుమంటుంది. పచ్చిదైతే దబ్బుమని ఊరుకుంటుంది.

వాడకం తక్కువన్న మాటకొస్తే, ఎన్ని వారాలు కాల్చారన్నదాని కంటే ఎలా కాల్చారన్నది ముఖ్యం. రాత్రంతా ఉండాలని గాలి తగ్గించి, కట్టెను పొగబెట్టినట్టు కాల్చే ఇళ్లలో కొద్దికాలంలోనే తారు పేరుకుంటుంది. పొయ్యి బాగా చల్లారాక గొట్టం లోపలి గోడను ఇనుప చువ్వతో గీకి చూడండి. పొడిపొడిగా రాలే మసి అయితే బ్రష్‌తో పోతుంది. నల్లగా నిగనిగలాడుతూ గట్టిగా అంటుకుని ఉంటే మీరు చేయి పెట్టకండి, పొగగొట్టాల పనివాళ్లనే పిలవండి. మసి మందం 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే శుభ్రం చేయాల్సిందే. తనిఖీ మాత్రం వాడకంతో సంబంధం లేకుండా ఏడాదికోసారి జరగాలి. మీలాంటి తక్కువ వాడకం ఇళ్లలో నేను ఎక్కువగా చూసేది తారు కాదు, పైన మూత ఎగిరిపోయి లోపల చేరిన ఆకులూ, గూళ్లూ.

బూడిదతో జాగ్రత్త. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పురవ్వలు రోజుల తరబడి బతికే ఉంటాయి. మూత ఉన్న ఇనుప డబ్బాలోకి ఎత్తి, ఇంటికి దూరంగా, చెక్క అరుగు మీద కాకుండా నేలమీద పెట్టండి. కాగితం సంచీ, ప్లాస్టిక్ బుట్ట వద్దేవద్దు.

ప్రశ్న: మంచు పడే ప్రాంతంలో ఇది మాకు మొదటి శీతాకాలం. పైపులు పగిలిపోతాయని అందరూ హెచ్చరిస్తున్నారు. ఇంట్లో హీటింగ్ నడుస్తుంటే పైపులెందుకు పగులుతాయి? ఇంటి వెనక తోట కొళాయి మాత్రం చలికి తట్టుకునే రకమేనట, దాని గురించి భయం లేదన్నారు.

జవాబు: భయం ఉన్నది ఆ కొళాయి దగ్గరే, అందుకే ముందు దాని సంగతే చెబుతాను. చలికి తట్టుకునే కొళాయిలో పిడి బయట ఉంటుంది గానీ, నీళ్లను ఆపే వాల్వు గోడ దాటి ఇంట్లోపల, జానెడు నుంచి మూరెడు లోతున ఉంటుంది. కట్టేయగానే ఆ మధ్య గొట్టంలో మిగిలిన నీళ్లు బయటికి కారిపోవాలి. అందుకే దాన్ని కాస్త బయటికి వాలుగా బిగిస్తారు. ఇప్పుడు మీరు తోటకు నీళ్లు పట్టే రబ్బరు గొట్టాన్ని దానికే తగిలించి వదిలేశారనుకోండి. నీళ్లు కారవు, లోపలే నిలబడి గడ్డకడతాయి. ఆ మధ్య గొట్టం చీలుతుంది. చీలినా ఆ రోజు ఏమీ తెలియదు, ఎందుకంటే వాల్వు మూసే ఉంది. వసంతంలో మొక్కలకు నీళ్లు పెడదామని తిప్పినప్పుడు, బయట ధార సన్నగా వస్తుంటుంది, మిగతాదంతా గోడ లోపల పారుతుంటుంది. అలా గోడలు తెరిచి నేను బయటికి తీసే రాగి గొట్టాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. వేలెడు పొడవున నిలువుగా చీలి, అంచులు బయటికి విచ్చుకుని ఉంటాయి. కాబట్టి ఈ వారాంతమే రబ్బరు గొట్టం విప్పి, నీళ్లు వంపేసి, చుట్టి లోపల పెట్టండి.

మామూలు రకం కొళాయి అయితే ఇంట్లోపల దాని కోసం విడిగా వాల్వు ఉంటుంది. దాన్ని కట్టి, బయటి కొళాయిని తెరిచి నీళ్లు పోయాక, తెరిచే ఉంచాలి. తోటలో నేల కింద వేసిన పైపులుంటే వాటిలోని నీళ్లను కంప్రెసర్ గాలితో ఊదించడం పనివాళ్లకు వదిలేయండి.

ఇక మీ అసలు ప్రశ్న. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుందని బడిలో చదివాం. గడ్డ పక్కలకు ఒత్తి పైపును పగలగొడుతుందని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది వేరు. గడ్డ పైపు వెంట పెరుగుతూ, తన ముందున్న నీళ్లను మూసి ఉన్న కొళాయి వైపు నెడుతుంది, మూతి మూసిన సిరంజిని నొక్కినట్టు. నీళ్లకు పోయే దారి లేక ఒత్తిడి విపరీతంగా పెరిగి, ఆ భాగంలో ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ పగులుతుంది. అంటే గడ్డ ఒకచోట, పగులు ఇంకోచోట, కొన్నిసార్లు వెచ్చటి గదిలోనే. గడ్డ కరిగేదాకా కారదు కూడా. చలి తగ్గిన రోజున ఇళ్లు మునగడం అందుకే.

ఈ సంగతి అర్థమైతే కొళాయిని సన్నగా కారుతూ వదలమని ఎందుకంటారో తెలుస్తుంది. కదిలే నీళ్లు గడ్డకట్టవని కాదు, గట్టి చలిలో అవీ గడ్డకడతాయి. కొళాయి తెరిచి ఉంటే ఒత్తిడి పోవడానికి దారి ఉంటుంది, అదీ అసలు లాభం. చల్లనీళ్లదీ వేడినీళ్లదీ రెండు పైపులకూ ఇది వర్తిస్తుంది. రక్షణ లేని పైపులకు బయట మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర గండం మొదలవుతుందని మా పనిలో లెక్క. గాలి తగిలే సందు పక్కన ఉంటే ఇంకా ముందే.

మీ ఇంట్లో పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో ఓసారి నడిచి చూడండి. గదుల మధ్య గోడల్లో ఉన్నవాటికి దిగులు లేదు. బయటి గోడలో, గ్యారేజీ కప్పులో, అటకలో, ఇంటి కింద పాకే జాగాలో ఉన్నవే లెక్క. వాటికి ఫోమ్ తొడుగులు వేయండి. మలుపుల దగ్గరా, అతుకుల దగ్గరా ఖాళీ వదలకండి, చలి అక్కడే పట్టుకుంటుంది. తొడుగు వేడిని పుట్టించదు, పోవడాన్ని ఆలస్యం చేస్తుందంతే. అందుకే సింకు కింద పైపులుంటే గట్టి చలి రాత్రుల్లో అలమర తలుపులు తెరిచి పెట్టి, గది వేడిని అక్కడికి పోనివ్వాలి. అక్కడుండే క్లీనింగ్ మందులు మాత్రం పిల్లలకు అందకుండా పైకి తీసేయండి.

ఇంటికి నీళ్లొచ్చే మెయిన్ వాల్వు ఎక్కడుందో ఇంట్లో పెద్దలందరికీ చూపించండి, ఒక్కొక్కరి చేతా తిప్పించండి. ఏళ్లుగా కదలని వాల్వు అవసరమైన రాత్రి కదలదు. కదలకపోతే ఇప్పుడే మార్పించుకోవచ్చు.

కొళాయి తిప్పితే నీళ్లు రావట్లేదంటే గడ్డకట్టిందన్నమాట. ఆ కొళాయి తెరిచే ఉంచి, కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి గడ్డ ఉన్న దిక్కుకు హెయిర్ డ్రయ్యర్‌తోగానీ, వేడినీళ్లలో పిండిన తువ్వాళ్లతోగానీ వెచ్చబెట్టండి. కింద నీళ్లు నిలిచి ఉంటే కరెంటు వస్తువు ముట్టకండి. మంటతో కాల్చడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, దానితో ఇళ్లు తగలబడ్డాయి.

ప్రశ్న: మూడు వారాలు ఊళ్లో ఉండం. హీటింగ్ పూర్తిగా ఆపేసి వెళ్లవచ్చా?

జవాబు: వద్దు. గది వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌ను 13 డిగ్రీల సెల్సియస్ కంటే దించకండి. గదిలో 13 ఉంటే బయటి గోడ లోపల అంతకంటే చాలా తక్కువ ఉంటుంది. మెయిన్ వాల్వు కట్టేసి, అన్నిటికంటే కింది కొళాయి, పై అంతస్తు కొళాయి తెరిచి పైపులు ఖాళీ చేయండి. ఫర్నేస్ ఆగిపోయినా ఇల్లు మునగదు. ఇంట్లో వేడినీళ్ల బాయిలర్‌తో హీటింగ్ ఉన్నా, మంటలార్పే స్ప్రింక్లర్లు ఉన్నా, మెయిన్ కట్టేముందు పనివాళ్లను ఒక మాట అడగండి. నమ్మకమైనవాళ్లకు తాళం ఇచ్చి మధ్య మధ్యలో లోపలికి వెళ్లి చూడమనండి. బయటనుంచి చూస్తే ఏమీ తెలియదు.

ప్రశ్న: పోయిన ఏడాది మా ఇంటి చూరంతా మనిషెత్తు మంచు ఊచలు వేలాడాయి. పిల్లలు ముచ్చటపడ్డారు. తర్వాత పడగ్గది పైకప్పు అంచున తేమ మరక కనిపించింది. ఇంటికప్పు పెంకులు మార్చాలని ఒకరు, చూరంచున నీళ్లు పారే గట్టర్లకు వేడెక్కే కరెంటు తీగ చుట్టాలని ఒకరు అంటున్నారు. ఏది చేయించమంటారు?

జవాబు: రెండూ ఇప్పుడే వద్దు. అటక ఎక్కండి, మీ జబ్బు అక్కడుంది.

గదుల్లోని వెచ్చటి గాలి అటకలోకి చేరి కప్పును లోపలినుంచి వేడెక్కిస్తోంది. పైనున్న మంచు అడుగునుంచి కరిగి నీళ్లు కిందికి జారతాయి. చూరు కింద గది లేదు కాబట్టి అక్కడ కప్పు చల్లగా ఉంటుంది. నీళ్లు అక్కడికి రాగానే మళ్లీ గడ్డకట్టి అంచు పొడవునా మంచు కట్ట వేస్తాయి. వెనక నుంచి వచ్చే నీళ్లు ఆ కట్ట వెనక మడుగు కట్టి, పెంకుల కిందికి ఎగబాకుతాయి. పెంకులు జారే నీళ్లను ఆపగలవు, నిలిచిన నీళ్లను ఆపలేవు. కొత్త పెంకులు వేయించినా అటక వేడిగా ఉన్నంతకాలం ఇదే జరుగుతుంది. మంచు పడిన మర్నాడు వీధిలోకి వచ్చి కప్పులు చూడండి. ఒకే వీధిలో కొన్ని కప్పులు తెల్లగా, కొన్ని మచ్చలు మచ్చలుగా కరిగి ఉంటాయి. మీది రెండో రకమై ఉంటుంది.

అటకలో పగటిపూట దీపం ఆర్పి చూస్తే కొన్ని సందులు వెలుతురుతోనే తెలుస్తాయి. వేడిని ఆపడానికి అటకలో పరిచే ఇన్సులేషన్ పరుపు మీద దుమ్ము పట్టి నల్లబడిన చోట్లుంటే, వాటి కిందనుంచి గాలి పైకి వస్తోందని అర్థం, పరుపు ఆ గాలిని వడగట్టి మురికిని తనలో పట్టుకుంది. అటక తలుపు చుట్టూ, పైకప్పు దీపాల చుట్టూ, పైపులూ తీగలూ పైకి వచ్చే రంధ్రాల చుట్టూ చూడండి. ముందు వాటిని మూయాలి, ఆ తర్వాతే పరుపు మందం పెంచాలి. వరస తప్పితే డబ్బు వృథా. మామూలు ఫోమ్‌ను పొగగొట్టం దగ్గరా, వేడెక్కే దీపాల దగ్గరా వాడకండి, అక్కడ మంటకు తట్టుకునేవే వాడాలి. చూరు కింద బయటిగాలి వచ్చే కంతలుంటాయి, పరుపు వాటికి అడ్డం పడకూడదు. అటక చల్లగా ఉండాలంటే ఆ గాలి ఆడాలి. బాత్రూం ఫ్యాను గొట్టం అటకలోనే తెరుచుకుని ఉంటే కప్పు దాటి బయటికి తీయించండి. ఈ ఒక్క లోపమే ఎన్నో ఇళ్ల అటకల్ని కుళ్లబెట్టింది.

ఆకులన్నీ రాలాక గట్టర్లు శుభ్రం చేయించండి. నీళ్లు దిగే గొట్టం కొస గోడకు కనీసం రెండు మీటర్ల దూరంలో నీళ్లు వదలాలి. మంచు కట్టను మాత్రం గొడ్డలితో కొట్టకండి, పెంకులు పోతాయి, మీరు జారి పడతారు.

ప్రశ్న: కిటికీల్లోంచి చలిగాలి కొడుతోంది. కొత్త కిటికీలు పెట్టిద్దామా?

జవాబు: ముందు ఒక అగరొత్తితో ఇల్లంతా తిరగండి. గాలి బాగా వీచే రోజున, వంటగది, బాత్రూం ఫ్యాన్లు నడుపుతూ చేస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కిటికీ చట్రం చుట్టూ, గోడకూ నేలకూ మధ్య పట్టీ దగ్గర, ప్లగ్గుల దగ్గర, పైపులు గోడలోంచి వచ్చే చోట నెమ్మదిగా కదపండి. పొగ నిటారుగా లేచినంతసేపూ సరే. పక్కకు వాలినచోట సుద్దతో గుర్తు పెట్టుకోండి. పరదాలకు దూరంగా పట్టుకోవాలని వేరే చెప్పనక్కర్లేదు. తలుపులకు ఇంకో పరీక్ష ఉంది. కాగితం ముక్క మధ్యలో పెట్టి తలుపు వేయండి. లాగితే సులువుగా వచ్చేస్తే ఆ చోట రబ్బరు పట్టీ అరిగిపోయింది.

కదలని సందులకు వాటిని పూడ్చే సీలెంట్, కదిలేవాటికి రబ్బరు పట్టీ, తలుపు అడుగుకు బ్రష్ పట్టీ. చాలా సీలెంట్లు 5 డిగ్రీలకు పైన ఉంటేనే సరిగ్గా అంటుకుంటాయి, గొట్టం మీద రాసి ఉంటుంది చూడండి. గట్టి చలి వచ్చాక బయటి పని చేయలేకపోవడానికి కారణం అదే. ఇంకో మాట. వెచ్చటి గాలి తేలిక కాబట్టి పైకి లేచి పై సందుల్లోంచి పోతుంది, ఆ ఖాళీని పూడ్చడానికి కింది సందుల్లోంచి చల్లటి గాలి లోపలికి వస్తుంది. కింద కిటికీ దగ్గర మీకు తగిలే చలికి సగం కారణం అటకలో ఉండవచ్చు. ఇవన్నీ చేశాకా చలి కొడితే అప్పుడు కిటికీల మాట ఆలోచిద్దాం. గ్యాస్, కట్టె కాల్చే ఇంట్లో సందులన్నీ మూశాక ఫర్నేస్‌కు గాలి చాలుతోందో లేదో మెకానిక్ చేత ఓసారి చూపించుకోండి.

ప్రశ్న: పొద్దున్నే కిటికీ అద్దాల లోపలివైపు నీళ్లు కారుతున్నాయి. బీరువా వెనక గోడకు నల్లటి బూజు. గోడలోకి వాన నీళ్లు దిగుతున్నాయా?

జవాబు: వాన కాదండి, మీ ఊపిరీ, వంటా, స్నానాలూ, ఇంట్లో ఆరేసిన బట్టలూ. గది 20 డిగ్రీల వేడితో, గాలిలో తేమ 60 శాతం ఉంటే, 12 డిగ్రీలకంటే చల్లగా ఉన్న ప్రతిదాని మీదా నీళ్లు పడతాయి. అదే తేమ 40 శాతమైతే 6 డిగ్రీల దాకా పొడిగానే ఉంటుంది. తేమ చూపే చిన్న మీటరు కొని పడగ్గదిలో పెట్టండి. చలికాలంలో 30, 40 శాతం మధ్య ఉంటే మంచిది.

బీరువా బయటి గోడకు ఆనించి ఉందని మీరు రాయకపోయినా చెప్పగలను. వెనక వెచ్చటి గాలి ఆడక ఆ గోడ ఇల్లంతటిలో చల్లటి చోటైపోయింది. లోపలి గోడకు మార్చండి, కుదరకపోతే బెత్తెడు జరపండి. బూజును పొడి గుడ్డతో తుడవకండి, గాలిలో లేస్తుంది. మాస్కు, తొడుగులు వేసుకుని, సబ్బునీళ్లతో తడిపి తుడిచి, బాగా ఆరనివ్వండి. స్నానం తర్వాత ఫ్యాను ఇంకో 20 నిమిషాలు నడవనివ్వండి. రోజూ పొద్దున ఎదురెదురు కిటికీలు ఐదు పది నిమిషాలు బార్లా తెరవండి. తడి గాలి పోతుంది, గోడల్లో ఉన్న వేడి పోదు. రోజంతా ఒక కిటికీ ఓరగా తెరిచి ఉంచితే దాని చుట్టూ గోడ చల్లబడి బూజు పెరుగుతుంది. నీళ్లు రెండు అద్దాల మధ్యన ఉంటే మాత్రం ఇంట్లో తేమతో పనిలేదు, ఆ అద్దం అంచు సీలు పోయింది, మార్పించాలి.

ప్రశ్న: బాయిలర్ వేడినీళ్లతో గదిని వెచ్చబెట్టే రేడియేటర్ కింది భాగం వేడిగా, పైభాగం చల్లగా ఉంటోంది. మార్చాలా?

జవాబు: లోపల గాలి చేరింది, అంతే. హీటింగ్ ఆపి చల్లారనివ్వండి. పక్కన పై మూలలో చిన్న చదరపు ములుకు ఉంటుంది. దానికి సరిపోయే రేడియేటర్ తాళంచెవి తగిలించి, కింద గుడ్డ పట్టుకుని, ఎడమవైపు పావు వంతు మాత్రం తిప్పండి. బుస్సుమని గాలి వస్తుంది. ఆ శబ్దం ఆగి, నీళ్లు చిమ్మడం మొదలవగానే బిగించేయండి. కింది అంతస్తు నుంచి పైకి వెళ్లండి. అన్నీ అయ్యాక బాయిలర్ మీద నీళ్ల ఒత్తిడి చూపే మీటరు చూడండి. చాలా ఇళ్లలో చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ ఉండాలి. తగ్గితే నీళ్లు నింపుకోవాలి. మీకు ఉన్నట్టు కాకుండా పైన వేడిగా, కింద చల్లగా ఉండేవాళ్లకు లోపల బురద పేరుకుంది, దానికి మనిషిని పిలవాలి.

కొన్ని చిన్న ప్రశ్నలకు ఒకేచోట జవాబిస్తున్నాను. చలికాలంలో సీలింగ్ ఫ్యాను వేయవచ్చా అని అడిగినవారికి: వేయవచ్చు, దిశ మార్చే స్విచ్ ఉంటే. కిందనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు, అతి నెమ్మదిగా తిరగాలి. పైన పేరుకున్న వెచ్చటి గాలి గోడల వెంట కిందికి దిగుతుంది.

అద్దె ఇంట్లో ఉంటున్న విద్యార్థికి: గోడలూ ఫర్నేసూ ఇంటివారి బాధ్యత, చలికి ముందే రాతపూర్వకంగా అడగండి. మీ గది హీటర్ మాత్రం మీ బాధ్యత. దాని చుట్టూ మీటరు మేర పరుపు, పుస్తకాలు, బట్టలు ఏవీ ఉండకూడదు. నేరుగా గోడ ప్లగ్గుకే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ తీగకు కాదు. పడుకునేముందు ఆపేయండి.

కరెంటు పోతే జనరేటర్‌ను గ్యారేజీలో తలుపు తెరిచి నడపవచ్చా అన్నవారికి: నడపకూడదు. తలుపు తెరిచినా విషవాయువు ఇంట్లోకే వస్తుంది. బయట, ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి. బొగ్గుల కుంపటిని వెచ్చదనం కోసం ఇంట్లోకి తేవడం కూడా అంతే ప్రమాదం.

ఎలుకలు చలికి లోపలికి వస్తున్నాయన్నవారికి: చుంచెలుకకు పెన్సిల్ పట్టేంత కంత చాలు, 6 మిల్లీమీటర్లు. పైపులు గోడలోకి వెళ్లే చోట్లు వెతికి, స్టీలు పీచు కుక్కి, పైన సీలెంట్ పూయండి. వట్టి ఫోమ్ అయితే కొరికేసుకుని వచ్చేస్తాయి.